మైనర్ చదివితే పీజీ సీటొస్తుందని ఇంటింటికీ చెప్పినదాన్ని

మొన్న ఒకే వారంలో ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ ఈ ఏడాదే ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో చేరిన కొత్త లెక్చరర్లు. ఒకరిది నాగర్‌కర్నూల్, ఇద్దరిది వనపర్తి. ముగ్గురి ప్రశ్నా ఒకటే. "మేడమ్, అడ్మిషన్లకు ఊర్ల మీదికి తోలుతున్రు. మైనర్ సబ్జెక్టు తీస్కుంటే పీజీ సీటుకు పనికొస్తదని చెప్పమంటున్రు. చెప్పాల్నా, వద్దా?"

వద్దు. అదే నా జవాబు. కానీ వద్దని ఊరికే చెబితే వినరు, ఎందుకంటే జీతమిచ్చేవాడు చెప్పమంటున్నాడు. పైగా అదే మాట నేను ఏళ్ల తరబడి చెప్పి తిరిగాను. కాబట్టి నా సంగతి నేనే రాస్తున్నాను.

ఇరవై ఏడేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. నాగర్‌కర్నూల్‌లో మొదలుపెట్టి, వనపర్తిలో నలిగి, గద్వాల చేరాను. యాభై రెండేళ్లకే ఇంట్లో కూర్చున్నాను. దీన్ని రిటైర్మెంట్ అంటే మా వాళ్లు నవ్వుతారు. ప్రైవేటు లెక్చరర్‌కు రిటైర్మెంట్ ఏంది, పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు అని. సరే, పింఛను లేదు. కనుక దాన్ని ఆపేస్తామని బెదిరించేవాడు కూడా లేడు. నాకు అడ్డు చెప్పాలంటే నా పక్కన కూర్చుని వాదించి గెలవాలి. ఇంతవరకు ఎవరూ ఆ పని చేయలేదు.

కాలేజీల పేర్లు రాయను. ఏ సంగతి ఏ ఊళ్లో జరిగిందో కూడా కొన్నిచోట్ల కావాలనే దాచాను. మనుషుల పేర్లు మార్చాను. మాటలు మార్చలేదు.

మే నెల ఉద్యోగం

లెక్చరర్ అంటే పాఠం చెప్పేవాళ్లని అనుకుని ఈ పనిలోకి వస్తున్నారు. పాఠం సగం ఉద్యోగం. మిగతా సగం మే నెలలో ఉంటుంది. ఇంటర్ ఫలితాలు రాగానే కాలేజీవాళ్లు మనకు ఊళ్లు పంచుతారు. అమరచింత వైపు ఇద్దరు, ఖిల్లా ఘణపూర్ వైపు ఇద్దరు, గద్వాల చుట్టుపక్కల ఇద్దరు. చేతిలో పాసైన పిల్లల పేర్ల జాబితా, బ్యాగు నిండా కరపత్రాలు, నెత్తిన తడిపిన టవలు. స్కూటీ మీద పోయి, ఇల్లు వెతుక్కుని, కుక్కను దాటుకుని, వేసిన మంచం మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి మాట మొదలుపెట్టాలి. మనకంటే ముందు రెండు కాలేజీలవాళ్లు వచ్చిపోయి ఉంటారు. వాళ్ల కరపత్రాలు గూట్లో కనిపిస్తూనే ఉంటాయి.

పైకి అందరం కాలేజీ కోసమే తిరుగుతాం. లోపల ఎవరి సబ్జెక్టు వాళ్లది. ఒక సబ్జెక్టుకు ఇరవై మంది నిండకపోతే ఆ సెక్షన్ ఎత్తేస్తారు, సెక్షన్‌తోపాటు లెక్చరర్ కూడా ఇంటికి పోవాలి. అందుకే ఊరి పొలిమేర రాకముందే మేం పిల్లల్ని పంచుకునేవాళ్లం. నాకు జతగా వచ్చే కంప్యూటర్ సార్ బండి మీద వెనక్కి తిరిగి అరిచేవాడు: "మేడమ్, జాబితాల నాలుగో పోరడు నాకు, ఐదో పోరి నీకు. ఆరోది మాత్రం కొట్లాడొద్దు!" ఆ పోరడికీ పోరికీ ఈ పంపకం సంగతి ఎప్పటికీ తెలియదు.

మేజర్ పక్కన చదివే సబ్జెక్టును ఒకప్పుడు మూడో ఆప్షనల్ అనేవాళ్లం, ఇప్పుడు మైనర్ అంటున్నారు. పేరు మారింది గానీ మేం చెప్పే కథ మారలేదు. ఆన్‌లైన్ దరఖాస్తులు వచ్చాక మా పని ఇంకా సులువైంది. పిల్లల ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. "ఓటీపీ చెప్పమ్మా" అంటాం. చెబుతారు. ఆ తర్వాత ఆప్షన్లన్నీ మా వేలే నొక్కుతుంది. మూడేళ్లు ఏం చదవాలో మూడు నిమిషాల్లో అయిపోతుంది, మంచం మీద నీళ్ల చెంబు ఇంకా ఖాళీ కాకముందే.

జములమ్మ నాకు అలా దొరికిన పిల్ల. గద్వాల వైపు, విత్తనాల కోసం సీడు పత్తి పండించే ఊరు. పత్తి పూలకు క్రాసింగ్ చేసే కాలంలో ఆ ఊళ్లో ఆడపిల్లలు బడిలో కంటే చేలల్లోనే ఎక్కువ కనిపిస్తారు. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, పొద్దున పువ్వుకు పువ్వు రుద్దాలి. చిన్న వేళ్లయితే పని బాగా సాగుతుందని రైతులే చెబుతారు. జములమ్మ ఆ పని చేస్తూనే ఇంటర్ పాసైంది. వాళ్లమ్మ నర్సమ్మది కూలి పని. తండ్రి లేడు.

"ఏం చదువుతవ్ బిడ్డా?" అన్నాను.

"ఎకనామిక్స్ మేడమ్. పీజీ దాక చదువుత."

ఇంటర్ పాసైన పిల్లలు సాధారణంగా 'మీరే చెప్పండి' అంటారు. ఈ పిల్ల పీజీ దాకా అంది. నాకు ముచ్చటేసింది, ఆ ముచ్చటను వెంటనే పనికి వాడుకున్నాను.

"మైనర్ ఏం అనుకున్నవ్?"

"పొలిటికల్ సైన్స్. మా ఊరి అక్క నోట్సిస్తనంది."

నర్సమ్మ గడప దగ్గర నిలబడి అంది: "నోట్సుంటే సగం సదువైనట్లే గద మేడమ్?"

ఆ ఏడాది నా సెక్షన్‌కు నలుగురు తక్కువ పడ్డారు. నేనన్నాను: "పొలిటికల్ సైన్స్‌ల ఏముంది నర్సమ్మా? ఎకనామిక్స్ పక్కన స్టాటిస్టిక్స్ మైనర్ పెట్టుకుంటే పీజీ సీటు మీ ఇంటికి నడిచొస్తది."

"నడిచొస్తదా? మా ఊరికి బస్సే సరిగ రాదు మేడమ్!"

ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వుతూనే జములమ్మ ఓటీపీ చెప్పింది. నేను స్టాటిస్టిక్స్ నొక్కాను. మిగిలిన ముగ్గురినీ పక్క ఊళ్లో పట్టుకున్నాను. నా సెక్షన్ నిలబడింది.

ఆశ అని పేరు పెట్టిన అబద్ధం

మా కరస్పాండెంట్ సార్, అంటే కాలేజీ నడిపే ఆసామి, చెడ్డవాడని మీరనుకుంటే నాకు పని తగ్గేది. కానీ కాదు. మా వైపు ఊళ్లకు ఆడపిల్లల కోసం బస్సు పెట్టినవాడు ఆయనే. బిడ్డను చదువు మాన్పించిన తండ్రి ఇంటికి స్వయంగా పోయి, రెండు గంటలు కూర్చుని, ఆ పిల్లను బస్సెక్కించుకుని తీసుకొచ్చిన రోజులు నేను చూశాను. ఆ పని నేను చేయలేదు. ఆయన చేశాడు.

అదే మనిషితో ఒకసారి స్టాఫ్ మీటింగులో గొడవ పెట్టుకున్నాను.

"సార్, పీజీ ఎంట్రెన్స్‌ల మైనర్‌కు ఒక్క మార్కు లేదు. పిల్లలకు అబద్ధం చెప్తున్నం."

"అబద్ధం కాదు మేడమ్, ఆశ. ఆశ లేకుంటే గా పిల్ల కాలేజీకి రాదు, చేన్లనే ఉంటది."

"ఆశకు ఓటీపీ ఎందుకు సార్?"

ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "మీరు మంచి లెక్చరర్ మేడమ్. నోటికి జర తాళమేస్తే ఇంకా మంచి లెక్చరర్."

"తాళమేస్తే పాఠమెట్ల చెప్పాలె సార్?"

ఈ ముచ్చట ఇరవై మందికి చెప్పి మురిసిపోయాను. మురిసిపోయి, మర్నాడు పొద్దున అదే స్కూటీ మీద అదే ఊరికి పోయి అదే మాట చెప్పాను. నా నోటిది ఒక దారి, నా కాళ్లది ఇంకో దారి. ఎదురు మాట్లాడితే ఎదిరించినట్టే అనుకునే జబ్బు మా వృత్తిలో చాలామందికి ఉంది. స్టాఫ్ రూములో పులులం. ఊరి మంచం మీద కూర్చున్నాక మేం కూడా కరపత్రాలమే.

పనికొచ్చింది కూడా చూశాను

మైనర్ మొత్తానికే దండగ అని ఎవరైనా అంటే వాళ్లతోనూ కొట్లాడతాను. ఒకసారి పనికి రావడం నా కళ్లతో చూశాను.

ఖిల్లా ఘణపూర్ నుంచి వెంకటేశ్ అని ఒక పిల్లవాడు వచ్చేవాడు. లెక్కల్లో వాడికంటే చురుకైనవాళ్లు ఆ తరగతిలో ముగ్గురున్నారు. నలుగురికీ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయాలని ఉంది. నోటిఫికేషన్ వచ్చింది. అందులో అర్హత అన్నచోట, ఈ సబ్జెక్టును డిగ్రీలో చదివి ఉండాలి అని రాశారు. వెంకటేశ్ మూడో ఆప్షనల్‌గా చదివాడు. ఆ ముగ్గురూ చదవలేదు, దరఖాస్తే పెట్టలేకపోయారు. వాడు పెట్టాడు, ఎంట్రెన్స్ రాశాడు, ర్యాంకు తెచ్చుకున్నాడు, చేరాడు.

ఆ ముగ్గురిలో ఒకడు నా దగ్గరికొచ్చి, "గా ఒక్క లైను డిగ్రీల చేరినప్పుడే చెప్తే ఏం పోయేది మేడమ్?" అన్నాడు. వాడిని కంప్యూటర్ సార్ వాటాలో వేసింది మేమే కదా.

నా అనుభవంలో తేలింది ఇంతే. మన దగ్గర చాలా పీజీ సీట్లు ఎంట్రెన్స్ ర్యాంకును చూసి ఇస్తారు. నీ మార్కుల మెమోలో మైనర్ అని ఏం రాసి ఉందో అక్కడ ఎవరూ చూడరు. చూసేది ఒకేచోట, అర్హత దగ్గర. డిగ్రీలో మేజర్ ఒకటై, పీజీ వేరే సబ్జెక్టులో చేయాలనుకునే పిల్లకు మైనర్ గేటు తెరవొచ్చు, తెరవకపోవచ్చు కూడా, ఎందుకంటే కొన్నిచోట్ల మైనర్‌గా చదివింది సరిపోదంటారు. ఏ యూనివర్సిటీ ఏమంటుందో వాళ్ల నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఆ పేరా డిగ్రీలో చేరే రోజే చదవాలి. మూడో ఏడు అయిపోయాక చదివితే ఏడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇక ఇంటర్వ్యూ పెట్టే యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి. అక్కడ మైనర్ పేరు కాదు, దాంతో నువ్వు ఏం చేశావో అడుగుతారు. ఈ చివరి ముక్క నాకు జములమ్మ వల్లే తెలిసింది. నేర్పింది నేను కాదు.

ఎర్ర ఇంకు

మూడేళ్లు గడిచాయి. జములమ్మకు స్టాటిస్టిక్స్ కొరుకుడు పడలేదు. నోట్సిచ్చే అక్క పొలిటికల్ సైన్స్ నోట్సు పట్టుకుని అలాగే ఉండిపోయింది. రెండు పేపర్లు తప్పి మళ్లీ రాసింది. ఎకనామిక్స్ చదవాల్సిన రోజులు నా సబ్జెక్టు తినేసింది. చివరి ఏడు రాష్ట్ర పీజీ ఎంట్రెన్స్ రాసి, ర్యాంకు వచ్చిన రోజు ఫోన్ పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది.

"మేడమ్, గీ ర్యాంకుకు హాస్టలున్న క్యాంపస్‌ల రాదంట."

ఆ ర్యాంకు చూశాను. రాదు.

"స్టాటిస్టిక్స్‌ల రెండు మూడు ప్రశ్నలొచ్చినయ్ మేడమ్. అవి ఎకనామిక్స్ పుస్తకంలనే ఉన్నయ్. మైనర్ చదవనోళ్లు గుడ రాసిండ్రు." ఫోన్ బ్యాగులో పెట్టుకుని అంది: "మీరేమో నడిచొస్తదన్నరు."

ఇరవై ఏడేళ్లలో నన్ను ఎవరూ అంత మెల్లగా కొట్టలేదు.

ఆమెకు మిగిలింది ఒకే ఒక్క దారి. బెంగళూరు వైపు ఒక యూనివర్సిటీ. పేదపిల్లలకు చదువూ హాస్టలూ ఉచితం. వాళ్ల రాత పరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూ ఉంది. అది పోతే వచ్చే సీజన్ నుంచి సీడు ఆర్గనైజర్, అంటే రైతులతో కంపెనీకి విత్తనం పండించి ఇచ్చే మధ్యవర్తి, దగ్గర కూలీల హాజరు రాసే పనికి వస్తానని మాటిచ్చింది.

"ఒక ఏడు ఆగి మళ్లీ రాయొచ్చు కదా?" అన్నాను.

"మా ఊర్ల ఏడాది ఆగినోళ్లు ఎవరన్న మళ్ల కాలేజీ మొకం చూసిండ్రా మేడమ్? మీరే జాబితా వట్టుకొని తిరుగుతరు గద, చెప్పుండ్రి."



ఇంటర్వ్యూ పిలుపులో, సొంతంగా చేసిన పని ఏదైనా ఉంటే తీసుకురమ్మని రాశారు. ఆమె అడిగింది చివరి సెమిస్టర్‌లో నాకిచ్చిన ప్రాజెక్టు పుస్తకం. బీరువాలోంచి తీశాను.

ఆ ప్రాజెక్టుల సంగతి చెప్పాలి. మా ఊళ్లలో జిరాక్సు సెంటర్లో తయారు ప్రాజెక్టులు దొరుకుతాయి. పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేసిస్తారు. పిల్లలు తెస్తారు, మేం మార్కులేస్తాం. ఒకే ప్రాజెక్టు ఆరుగురి పేర్లతో వచ్చినా కళ్లు మూసుకుంటాం. జములమ్మది మాత్రం చేత్తో రాసిన తెల్ల కాగితాలు, దారంతో కుట్టింది. మీద నా ఎర్ర ఇంకు: "పట్టికలు వంకర. సూత్రాలు లేవు. బైండింగ్ లేదు." అత్తెసరు మార్కులు. స్పైరల్ బైండింగులన్నిటికీ దండిగా వేశాను.

ఆ రోజు మొదటి పేజీ నుంచి చదివాను. అంటే మార్కులేసిన రోజు చదవలేదని అర్థం.

తమ వాడలో నలభై ఇళ్లు తిరిగింది. క్రాసింగ్ నడిచిన నెలల్లో ఏ ఇంటి ఆడపిల్ల ఎన్ని రోజులు బడికి పోయిందో, ఎన్ని రోజులు చేనుకు పోయిందో తల్లులను అడిగి రాసుకుంది. బడి రిజిస్టర్లో ఉన్న హాజరు పక్క గడిలో పెట్టింది. రెండూ కలవలేదు. ఎంత కలవలేదో పిల్ల పిల్లకూ లెక్క తీసింది. పట్టిక నిజంగానే వంకరగా ఉంది, స్కేలు లేక గాజు పెట్టి గీసినట్టుంది. నేను ఇరవై ఏడేళ్లు బోర్డు మీద సగటు, విచలనం, నమూనా అని రాసి చెరిపాను. ఈ పిల్ల వాటితో తన ఊరిని కొలిచింది. నేను బైండింగ్ అడిగాను.

కొత్తగా వచ్చినవాళ్లకు నా వృత్తి మొత్తంలోంచి ఒక్క తప్పు చూపించమంటే ఇదే చూపిస్తాను. అబద్ధం చెప్పి చేర్చుకున్నది మొదటి తప్పు, దాన్ని మా కరస్పాండెంట్‌తో సగం పంచుకోవచ్చు. ఇది మాత్రం పూర్తిగా నాదే.

మార్కులు మార్చలేను, అప్పటికే పంపేశారు. చేయగలిగింది ఇంటర్వ్యూకు తయారుచేయడం. అదీ సరిగ్గా చేయలేదు. 'స్టాటిస్టిక్స్ మైనర్ ఎందుకు తీసుకున్నావు' అని తప్పకుండా అడుగుతారని చెప్పి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిచ్చాను. చిన్నప్పటి నుంచి అంకెలంటే ప్రాణమని, అందుకే కోరి ఎంచుకున్నానని. జములమ్మ కాగితం చూసి, "ఎవరిది మేడమ్ గీ ప్రాణం?" అంది. కంఠస్థం చెయ్యమన్నాను. చేసింది.

ఆమె చెప్పిన జవాబు

ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ చేసింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"లోపట ముగ్గురున్నరు మేడమ్. మధ్యల ఒక పెద్ద మేడమ్ ఉంది. ఇంగ్లీషుల అడిగింది, నాకు మాట తట్టకపోతే తెలుగుల చెప్పుమన్నది, పక్క సార్‌కు ఎరుకనట. మీరన్నట్లే మొదలు గదే అడిగింది, స్టాటిస్టిక్స్ ఎందుకు తీస్కున్నవని."

"చెప్పినవా?"

"మీ కాగితం నోటి దాక వచ్చింది మేడమ్. బయటికి రాలే. నేను తీస్కోలే అన్న. మా మేడమ్ పెట్టింది అన్న. ఆమె సెక్షన్‌కు నలుగురు తక్కువ పడ్డరు, నన్ను కలిపింది అన్న."

ఆ నలుగురి సంగతి ఆమెకు తెలుసని నాకు తెలియదు. మూడేళ్లుగా తెలుసట. కంప్యూటర్ సార్ ఎప్పుడో క్లాసులో జోకు వేశాడట.

"ముగ్గురు నవ్విండ్రు మేడమ్. నవ్వి, మరి మూడేండ్లు ఏం చేసినవన్నరు. లెక్కవెట్టిన అన్న. పుస్తకమిచ్చిన. పక్క సార్ పెద్ద మేడమ్‌కు సదివి చెప్పిండు. చెప్తుంటే ఆమె నవ్వు బంద్ చేసింది. రిజిస్టర్ హాజరు తప్పని నీకెట్ల తెల్సు అన్నది. తెల్వకేంది మేడమ్? గా రిజిస్టర్ల హాజరున్న పిల్లలే చేన్ల నా పక్క సాలుల ఉన్నరు అని చెప్పిన."

"తర్వాత?"

"నువ్వు నీ వాడనే ఎందుకు తిరిగినవ్, పెద్ద రైతుల ఇండ్లు ఎందుకు తిరగలే, లెక్క ఒకదిక్కే వంగింది గద అని పట్టుకున్నది మేడమ్. నిజమే గద. వాండ్ల ఇండ్లకు పోయి అడిగే ధైర్యం లేకుండె అన్న. మళ్ల చేస్తే ఎట్ల చేస్తవన్నది. చెప్పిన. అర్ధగంట అదే నడిచింది."

నమూనా ఒకవైపు వంగడం గురించి నేను ఏటా ఒక పీరియడ్ చెప్పేదాన్ని. ప్రతి ఏడూ ఒకే ఉదాహరణ, ఒకే సుద్దముక్క. ఆ పాఠం ఎవరికైనా అవసరం పడగా చూడటం అదే మొదటిసారి.

"మేడమ్, తప్పు చెప్పిన్నా?" అంది.

"నా పరువు తీసినవ్," అన్నాను. "మంచిగ చెప్పినవ్."

రెండు వారాలు ఇద్దరికీ మనశ్శాంతి లేదు. ఆర్గనైజర్ రెండుసార్లు మనిషిని పంపాడు. మూడోసారి పంపకముందే మెసేజ్ వచ్చింది. సీటు వచ్చింది. చదువు, హాస్టలు ఉచితం.

స్టాటిస్టిక్స్ చదవకపోతే ఆ సర్వే చేసేదా అని నన్ను అడిగేవాళ్లున్నారు. చేసేది కాదేమో. అయితే మైనర్ పనికొచ్చినట్టే కదా అంటారు. పందొమ్మిది మందికి స్పైరల్ బైండింగులు ఉన్నాయి, అదే మైనర్, అదే మేడమ్, అదే సుద్దముక్క. వాళ్లలో ఎవరికి వచ్చింది? నాతో వాదించాలనుకునేవాళ్లు ముందు ఆ పందొమ్మిది మందిని లెక్కలో వేసుకుని రండి.

బస్టాండు ఎదురుగా

జములమ్మ బెంగళూరులో చేరాక మళ్లీ మే వచ్చింది. జములమ్మ సీటు సంగతి కరస్పాండెంట్ సార్‌కు తెలిసింది. మూడో రోజుకు బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ. సగం మేర జములమ్మ ఫోటో, పక్కన పేరు. కింద పెద్ద అక్షరాలు: "మా కాలేజీలో స్టాటిస్టిక్స్ మైనర్ చదివినందుకే బెంగళూరులో పీజీ సీటు! మీకూ కావాలా? నేడే చేరండి!"

ఆయన గదికి పోయాను. "తీయించండి సార్."

"సీటొచ్చింది నిజమా, కాదా?"

"సీటు నిజం. కారణం అబద్ధం."

"మీ సబ్జెక్టుకే గద మేడమ్ పేరొస్తది! మీకే పిల్లలు నిండుతరు. ఇంత కొట్లాట ఎవరి కోసం?"

జములమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఒకటే మాట అంది: "తీసెయ్యుండ్రి మేడమ్. నా బొమ్మ చూసి ఇంకో పిల్ల మోసపోతది."

మర్నాడు పొద్దున బ్లేడు తీసుకుని బస్టాండుకు పోయాను. అక్కడ నర్సమ్మ ఉంది. మొదటి బస్సుకు వచ్చిందట, ఫ్లెక్సీ ముందు నిలబడి చూస్తోంది.

"తీసేస్తవా మేడమ్?" అంది, నా చేతిలో బ్లేడు చూసి. "జర ఉండనియ్యరాదు? మా వాడల ఎవరి బొమ్మా గింత పెద్దగ పడలే. పడితే లీడర్లయే పడ్తయ్."

"కింద రాసింది అబద్ధం నర్సమ్మా."

"కింద ఏముందో నాకేం ఎరుక, నాకు సదువొస్తదా? పైన నా బిడ్డుంది."

ఇరవై ఏడేళ్ల వాదనలో నాకు జవాబు దొరకని మాటలు రెండే. ఏడాది ఆగినోళ్ల గురించి బిడ్డ అడిగింది ఒకటి, తల్లి అన్న ఈ మాట రెండోది.

చివరికి కింది రాతను మాత్రం కోశాను. కాలేజీ పేరు, ఫోన్ నంబరు దాంతోనే పోయాయి. స్టాండులో ఉన్న ఆటోవాళ్లు చుట్టూ చేరారు. ఒకాయన అడిగాడు: "ఏంది మేడమ్, ఎలక్షన్ కోడ్ వచ్చిందా?" ఇంకొకాయన ఫ్లెక్సీని ఎగాదిగా చూశాడు. "గిట్ల ఉత్త ఫోటో, పేరు ఉంచితే పిల్ల సచ్చిపోయిందనుకుంటరు మేడమ్. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లెక్కనే ఉంది."

నర్సమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, అయితే తియ్యి! తియ్యి మేడమ్!"

"ఆగు," అన్నాను. పక్క దుకాణంలో తెల్ల చార్టు, మార్కర్, ఎక్కడానికి ఒక స్టూలు తెచ్చాను. ఆటోవాళ్లు చార్టును ఫ్లెక్సీ కిందికి పట్టుకుని నాలుగు మూలలా టేపు వేశారు. ఈ పనికి ఆ సాయంత్రమే నాకు సంజాయిషీ మెమో వచ్చింది, కాలేజీ ఆస్తిని పాడు చేశానని. 'అవును, నేనే కోశాను, మళ్లీ పెడితే మళ్లీ కోస్తాను' అని జవాబు రాసిచ్చాను. వారం తిరగకముందే ఉద్యోగం ముగిసింది. నా రిటైర్మెంట్ కథ అంతే, దానికి ఇంతకంటే చోటు ఇవ్వను.

బస్సులు వస్తూపోతూ ఉన్నాయి. నేను స్టూలెక్కి రాస్తున్నాను. దిగాక నర్సమ్మ అడిగింది: "ఏం రాసినవ్? సదువు మేడమ్."

చదివాను. "జములమ్మ. తన ఊరి ఆడపిల్లల లెక్క తానే తీసి, ఉన్నదున్నట్టు చెప్పి, పీజీ సీటు తెచ్చుకుంది."

నర్సమ్మ తలూపింది. "మంచిగుంది. ఎవరి బిడ్డో రాయలే."

మళ్లీ స్టూలెక్కాను. నర్సమ్మ పేరు, ఊరి పేరు, వాడ పేరు కూడా ఆమె చెప్పినట్టే రాశాను. అక్షరాలు చార్టు కింది అంచు దాకా పోయాయి. కాలేజీ పేరుకు చోటు మిగల్లేదు.